మామిడి, కంది, గొర్రెలు: ఏడేళ్ల నా అనుభవం

2018 మార్చిలో ఒక పొద్దున పొలానికి పోయి చూస్తే 31 మామిడి మొక్కలకు తలల్లేవు. ఎనిమిది నెలల కిందట నాటినవి. మోకాలెత్తు పెరిగి, అప్పుడప్పుడే ఎర్రటి చిగురు తొడుగుతున్నాయి. చిగురు ఉండాల్సిన చోట కొరికిన కాడ మాత్రం మిగిలింది. పాదుల చుట్టూ గొర్రె పెంటికలు. ఎవరి మంద అని అడగాల్సిన పని లేదు, మా ఊళ్లో ఆ దారిన వచ్చే మంద ఒక్కటే.

నేను ఊగిపోతుంటే మా నాయన గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు. "ఆయప్ప మంద ఇరవై ఏండ్ల నుంచి ఈ పొలంలోనే కదరా మేసేది. నువ్వు శెట్లు పెట్టినావని గొర్లకేం తెల్సు?" అన్నాడు. ఆ రోజు ఆ మాట నాకు నచ్చలేదు.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర. ఐదెకరాల ఎర్రనేల, అందులో సగం గరుసు. బోరు లేదు. అంటే ఒకసారి వేశాం, పడలేదు, దాని అప్పు మాత్రం నాలుగేళ్లు కట్టాం. మా జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లు అంటారు గానీ, ఆ లెక్క మొత్తం పడ్డా ఎప్పుడు పడుతుందనేదే సమస్య. శెనక్కాయ ఊడలు దిగేటప్పుడు మూడు వారాలు మొహం చాటేస్తే, తర్వాత కుండపోతగా కురిసినా లాభం లేదు. మా తాత కాలం నుంచి వేసింది శెనక్కాయే. 2016లో రెయిన్‌గన్‌లు ఊళ్లకు వచ్చిన ఏడు మాకు ఎకరాకు మూడు మూటలు రాలేదు. ఆ చలికాలంలోనే రెండెకరాల్లో మామిడి పెట్టాలని నిర్ణయించుకున్నా. ఉపాధి హామీలో చిన్న రైతులకు గుంతలు తవ్వించి, మొక్కలిచ్చి, మూడేళ్లు నీళ్లు పోయడానికి కూలి కూడా ఇచ్చేవాళ్లు అప్పట్లో. నాయన మొదట ఒప్పుకోలేదు. "నీడ కింద శెనక్కాయ పండదు, మామిడి కాసే లోపల మనం ఏం తినాల?" అన్నాడు. రెండు మాటలూ నిజమే. మిగతా మూడెకరాలు ఆయన చేతుల్లోనే ఉంటాయని చెప్పి ఒప్పించా.

25 అడుగులకు ఒకటి చొప్పున ఎకరాకు 70, మొత్తం 140 గుంతలు. మూడడుగుల గుంతలు మే నెలలో తవ్వించి ఎండకు వదిలేశాం. ఇక్కడ నేను చేసిన మొదటి తప్పు చెప్పాలి. పైమట్టిలో కలిపి నింపడానికి మాగిన ఎరువు చాలక, మా దిబ్బలో కింద ఉన్న సగం మాగిన పేడ కూడా వేసేశా. వేసవిలో తేమ నిలవాలని పాదుల్లో శెనక్కాయ పొట్టు పరిచా. చెదలకు ఇంతకంటే మంచి విందు ఎవరూ పెట్టరు. మొదటి ఏడాదిలోనే 18 మొక్కలు పోయాయి. పైకి పచ్చగా ఉన్న మొక్క రెండు రోజుల్లో వాడిపోతుంది, పట్టుకుంటే చేతికి ఊడొస్తుంది, చూస్తే వేరు దగ్గర బెరడు ఉండదు. తర్వాత నాటిన వాటికి బాగా మాగిన ఎరువుతో పాటు గుంతకు రెండు కిలోల వేపపిండి వేశాం. పొట్టు బదులు పచ్చి కొమ్మలు కప్పాం.

నీళ్ల సంగతి ఒక్క ముక్కలో చెప్తా. ఒక మొక్కకు 20 లీటర్లు, పది రోజులకు ఒకసారి, ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా. ట్యాంకర్ వస్తుందా రాదా అన్న టెన్షన్ ఆ మూడు వేసవులూ తగ్గలేదు.

గొర్రెల గొడవకు వస్తా. మందాయన్ని మేం మామా అని పిలుస్తాం. 120 గొర్రెలు, రెండు కుక్కలు, భుజాన గొంగడి. నేను పంచాయితీ పెట్టిస్తా అని వెళ్లా. ఆయన గొంతు పెంచలేదు. "పంట తీసినాక పొలం అందరిదీ కదప్పా. మీ నాయన అడిగినప్పుడల్లా మంద కట్టినా, లేదా? ఊళ్లో అందరూ మామిడి పెట్టి కంప ఏస్తే నా గొర్లు యాడ మేయాల?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పంట కోసిన పొలంలో మేత మందకు, రాత్రిపూట మంద కట్టినందుకు ఎరువు పొలానికి. ఎవరూ రాసుకోని ఈ ఒప్పందాన్ని చెడగొట్టింది ఆయన కాదు, నేను. చెట్లు పెట్టాలనుకున్నప్పుడు గుంతలు, మొక్కలు, నీళ్లు, అన్నీ లెక్క వేసుకున్నా గానీ ఆయన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

పంచాయితీ మానుకుని ఒక మాట అనుకున్నాం. మామిడి ఉన్న రెండెకరాల్లోకి నాలుగేళ్లు మంద రాకూడదు. కింద మూడెకరాల్లో శెనక్కాయ పీకినాక ఎప్పటిలాగే మేపుకోవచ్చు, అక్కడ ఏటా పది రాత్రులు మంద కట్టాలి, దానికి మేం డబ్బు కాకుండా కంది పప్పు, జొన్నలు ఇస్తాం. సీమజాలి కంప కొట్టి చుట్టూ కంచె వేయడానికి ఆయన కొడుకు కూడా వచ్చాడు. కంప కంచె ఏటా చెదలకు తిండే. రెండో ఏడు నుంచి దాని వెంబడి కిత్తనార పెట్టుకుంటూ వచ్చా.

తలలు పోయిన 31 మొక్కల్లో 12 చచ్చిపోయాయి. 19 మళ్లీ చిగురించాయి. ఎంత సంబరపడ్డానో! ఆ చిగురు ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం వంగి చూడలేదు. దీని సంగతి చివర్లో చెప్తా.

2018లో వానే లేదు. 2019 వేసవిలో ఇంకో 14 పోయాయి. 140కి 96 మిగిలాయి. ఆ సెప్టెంబర్‌లో పదును చూసి 40 తిరిగి నాటాం.

సాళ్ల మధ్య సేద్యం గురించి నన్ను ఎక్కువమంది అడుగుతుంటారు. మొదటి మూడేళ్లు చెట్ల మధ్య మామూలుగా శెనక్కాయ, ఎనిమిది సాళ్లకు ఒక కంది సాలు వేశాం. మామిడి వరసకు అటూ ఇటూ మూడడుగులు వదలాలి. ఒక ఏడు ట్రాక్టర్ పెట్టాం. డ్రైవర్ కుర్రాడు మంచోడే గానీ, మలుపు దగ్గర నాలుగు మొక్కలకు బెరడు గీరేశాడు, వేర్లు కూడా తెగాయి. తర్వాత ఊళ్లో మిగిలిన రెండు జతల ఎద్దుల్లో ఒక జతను బాడుగకు తెచ్చి గుంటక తోలాం. కంది సాలును మామిడికి పడమటి వైపు పడేటట్టు వేయడం నాయన ఆలోచన. మధ్యాహ్నం తిరిగాక ఎండ మొక్క మీద నేరుగా పడదు. కంది కోసినాక కూడా కట్టెను మార్చి దాకా కొట్టకుండా ఉంచాం. ఆ వరసల్లో మొక్కలు పక్క వరసల కంటే ఎక్కువ బతికాయి.

నాయన చెప్పిన నీడ భయం నాలుగో ఏడు నిజమైంది. చెట్టుకు ఆరడుగుల లోపల శెనక్కాయ మొలుస్తుంది, పూత పూస్తుంది, పీకితే ఒకటో రెండో కాయలు. 2021 నుంచి మామిడిలో శెనక్కాయ మానేశాం. ఒక ఎకరంలో ఉలవలు, ఒక ఎకరంలో స్టైలో గడ్డి. స్టైలో పప్పుజాతి గడ్డి, ఒకసారి నిలదొక్కుకుంటే దాని గింజ అదే రాలి మళ్లీ మొలుస్తుంది. కానీ గింజ పెంకు గట్టిది. మొదటిసారి ఊరికే చల్లితే మొలకే కనబడలేదు. గింజను బాగా వేడి నీళ్లలో నాలుగైదు నిమిషాలు ముంచి, తర్వాత రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాలని ఆ తర్వాత తెలిసింది.

పచ్చిరొట్ట ఎరువు కోసం పెంచే గ్లైరిసీడియా చెట్టు మాకు హైదరాబాద్ నుంచి వచ్చింది. వ్యవసాయ శాఖ వాళ్లు మా మండలం రైతుల్ని బస్సులో మెట్టవ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడాకు తీసుకుపోయారు. హయత్‌నగర్‌లోని వాళ్ల పొలంలో గట్ల మీద గ్లైరిసీడియా వరసలుగా పెంచి, కొట్టిన ఆకును సాళ్లలో వేస్తున్నారు. పొలంలో పంటతో పాటు చెట్లు, పశువులు కలిపి పెంచే ఈ పద్ధతి (అగ్రోఫారెస్ట్రీ) కోసం మన దేశం 2014లోనే ప్రత్యేకంగా ఒక జాతీయ విధానం తెచ్చిందనీ, ఇలాంటి విధానం తెచ్చిన మొదటి దేశం మనదేననీ అక్కడే విన్నా. మా బస్సులో వెనక సీటు పెద్దాయన ఒకాయన, "విధానం కొత్తదేమో గానీ, పొలంలో తుమ్మ, గట్టున వేప, ఇంటి ముందర గొర్లు మా తాతకే ఉన్నాయి" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన మాటలో సగం సరైనదే. పొలంలో ఆ తుమ్మలన్నీ ట్రాక్టర్‌కు అడ్డమని కొట్టేసింది మా నాయన తరమే.

తెచ్చుకున్న మొక్కల్ని గట్ల మీద మూడడుగులకు ఒకటి చొప్పున నాటాం. మామిడిలా కాదు, దీనికి నీళ్లు పోయాల్సిన పని మొదటి వేసవి ఒక్కటే. రెండో ఏడు నుంచి ఏడాదికి మూడు సార్లు మీటరు ఎత్తులో కొట్టి మామిడి పాదుల్లో పరుస్తున్నాం. మాగని పేడ వేసిన చోట చెదలు తెచ్చుకున్నవాణ్ణి కాబట్టి, పచ్చాకు పరిచినప్పుడల్లా కింద తవ్వి చూసేవాణ్ణి. ఎండుటాకు దగ్గర ఒకటీ అరా కనబడ్డాయి గానీ వేరు జోలికి రాలేదు.

2020లో సొంత గొర్రెలు కొన్నాం. అమ్మ తన పొదుపు సంఘంలో 50 వేలు లోను తీసుకుంది, నేను కొంత వేశా. ఎనిమిది ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు, 75 వేలు. బేరం చేసింది మామే. పళ్లు చూసి, పొదుగు పట్టి చూసి, రెండింటిని వెనక్కి పంపించేశాడు. రైతు కొనే గొర్రె, మందాయన కొనే గొర్రె ఒకటి కాదని ఆ రోజు అర్థమైంది.

కొన్న వెంటనే రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది నా బద్ధకం. తొలకరికి ముందు చిటుక రోగం టీకా వేయించాలి. పశువుల డాక్టర్ రెండు సార్లు చెప్పాడు. విత్తనాల పనిలో పడి వచ్చే వారం అనుకున్నా. ఈ లోపల వాన పడింది, వారానికి లేత పచ్చిక లేచింది. చిటుక రోగం బక్క గొర్రె జోలికి పోదు, ఆబగా మేసే బలిసిన పిల్లనే పట్టుకుంటుంది. సాయంత్రం గంతులేసిన రెండు పిల్లలు తెల్లారేసరికి కాళ్లు చాచి పడున్నాయి. ఇప్పుడు మే నెల క్యాలెండర్ మీద అమ్మ పసుపుతో బొట్టు పెడుతుంది, ఆ రోజు టీకాలు.

రెండోది అత్యాశ. గట్టు మీద ఒక వైపు సుబాబుల్ కూడా వేసి ఉన్నా. గొర్రెలు దాన్ని చూస్తే పరిగెత్తి వస్తాయి. గ్లైరిసీడియా అయితే ముట్టలేదు, దాని వాసన వాటికి గిట్టదు. తింటున్నది పెడదామని నెలన్నర సుబాబులే కోసి వేశా. ఒక రోజు ఒక గొర్రె వీపు మీద చెయ్యి వేస్తే బొచ్చు పిడికిట్లోకి వచ్చింది. ఇంకో వారానికి నాలుగు గొర్రెలు ఈకలు పీకిన కోళ్లలా తయారయ్యాయి. సుబాబుల్ ఆకులో ఉండే ఒక విషపదార్థం వల్ల ఇలా అవుతుందని, మేతలో మూడో వంతు దాటకూడదని డాక్టర్ చెప్పాడు. మాన్పించాక రెండు నెలలకు మళ్లీ బొచ్చు వచ్చింది. ఊరంతా ఆ రెండు నెలలూ నన్ను "గుండ్లు గీసే మంగలి" అన్నారు, అది వేరే సంగతి.

గ్లైరిసీడియా తినిపించడం మామ నేర్పించాడు. కొట్టిన వెంటనే పెట్టకుండా పొద్దున కొట్టి సాయంత్రం దాకా నీడలో వాడనిచ్చి, ఉప్పునీళ్లు చల్లి, శెనక్కాయ కట్టెలో, అంటే కాయ తీసినాక మిగిలిన ఎండు చెట్లలో, కలిపి వేశాం. పెద్దవి మొదట కట్టె ఏరుకుని ఆకు వదిలేశాయి. పిల్లలు మాత్రం తిన్నాయి. ఆ పిల్లలు పెద్దవయ్యాక వాటి పిల్లలకు ఎవరూ నేర్పాల్సిన పని పడలేదు.

మామిడిలోకి గొర్రెల్ని మొదటిసారి వదిలింది 2022 జనవరిలో, ఉలవలు పీకినాక. అప్పటికి కింది కొమ్మలు నాలుగడుగుల పైన ఉండేటట్టు కత్తిరించుకున్నాం. గొర్రె తలెత్తి అందుకునేంత ఎత్తు దాటితే చాలు. మేకలకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. అది ముందు కాళ్లు మాను మీద పెట్టి నిలబడుతుంది, కొమ్మ అందకపోతే బెరడు తింటుంది. అమ్మకు రెండు మేకలంటే ప్రాణం, వాటిని ఇంటి దగ్గరే కట్టేస్తాం. ఈ విషయంలో మా ఇంట్లో ఇప్పటికీ గొడవే.

పూత మొదలైతే గొర్రెలు బయటికి. పురుగుకు ఏ మందైనా కొడితే, వేపనూనె అయినా సరే, రెండు వారాలు లోపలికి రానివ్వం. ఏప్రిల్, మేలో పొద్దున్నే ఒక గంట మళ్లీ వదులుతాం, రాలిన పిందెలు, పుచ్చు కాయలు ఏరుకు తింటాయి. కాయ తొలిచే ఈగ పురుగు రాలిన కాయల్లోనే పెరిగి భూమిలోకి దిగుతుంది కాబట్టి ఇది నాకు కూలి లేని పని. గంట దాటితే మాత్రం కడుపు ఉబ్బుతుంది. ఒకసారి ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయి, రాత్రంతా ఒక గొర్రె పొట్ట రుద్దుతూ కూర్చున్నా.

డబ్బు సంగతి దాచను. 2021 నవంబర్ వానలకు పీకి పెట్టిన శెనక్కాయ కట్టె మీదే మొలకెత్తింది, ఆ ఏడు మూడెకరాలకు నష్టమే. 2022లో మామిడి మొదటి కాపు, ఇంటికీ చుట్టాలకూ సరిపోయింది. అసలు పరీక్ష 2023. ఆగస్టులో చినుకు లేదు. కింద మూడెకరాల శెనక్కాయకు 66 వేలు పెట్టాం, ఐదు మూటలు ఇంటికి వచ్చాయి. అదే ఏడు ఎండాకాలంలో మామిడి తోటను 28 వేలకు గుత్తకిచ్చాం. తొమ్మిది గొర్రెపిల్లల్ని సంతలో అమ్మితే 58 వేల చిల్లర వచ్చింది. ఊళ్లో కొందరు మేత లేక తల్లుల్ని కూడా అయినకాడికి అమ్ముకున్నారు. మావి గట్టు మీద ఆకు, ఎండిన స్టైలో, ముందటేడు దాచిన కట్టె వామితో నిలబడ్డాయి. ఇది చూసి లక్షలు వచ్చాయనుకోకండి. పెట్టుబడి, లోను వడ్డీ తీస్తే ఆ ఏడు మాకు మిగిలింది తక్కువే. అప్పు చేయకుండా గడిచింది, అంతవరకే. ఇంకో మాట, ఈ పద్ధతిలో రోజూ పొలంలో ఒక మనిషి ఉండాలి. శెనక్కాయ ఒక్కటే వేసినప్పుడు నాలుగు నెలల పని, మిగతా ఎనిమిది నెలలు బెంగళూరు పోయి కూలి చేసుకునేవాణ్ణి. ఇప్పుడు పెళ్లికి పోవాలన్నా గొర్రెలకు ఎవరు అన్న ప్రశ్న.

ఆ ఎండు సంవత్సరంలోనే మామ ఒక సాయంత్రం వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు వాన గురించే మాట్లాడి, లేవబోతూ, "ఈసారి మంద కడితే కందులొద్దు లేప్పా. ఆ ఆకు రెండు మోపులు ఇస్తావా, ఈనిన గొర్లు ఉండాయి" అన్నాడు. రోజుకు రెండు మోపుల చొప్పున ఇరవై రోజులు ఇచ్చా. పది రాత్రులు కట్టాల్సిన మంద ఆయన పద్దెనిమిది రాత్రులు కట్టాడు. నాలుగేళ్ల గడువు దాటి చాలా రోజులైంది కాబట్టి, అందులో ఐదు రాత్రులు మామిడిలోనే.

ఇక ఆ 19 మొక్కల సంగతి. మావి నాటు మామిడి మొదలు మీద బంగినపల్లి కట్టిన అంటు మొక్కలు. వాటిలో ఎనిమిదింటికి చిగురు అంటు పైనుంచి వచ్చింది, అవి బంగినపల్లిగానే ఉన్నాయి. మిగతా 11 అంటు కింద నుంచి, అంటే నాటు వేరు నుంచి లేచాయట. ఆకు కొంచెం సన్నగా ఉందని అమ్మ ముందే అంది, నేను పట్టించుకోలేదు. మిగతావాటి కంటే అవే ఏపుగా పెరిగాయి కూడా. 2024 ఎండాకాలంలో మొదటిసారి కాశాయి. పిడికెడు కాయ, నిండా పీచు, నోట్లో పెడితే చెవులు మూతపడేంత పులుపు. గుత్తకు తీసుకున్నాయన ఆ చెట్ల దగ్గర ఆగి చూసి, వీటిని లెక్కలో వేయను అని ముందుకు పోయాడు.

అమ్మ మాత్రం ఆ కాయలతో మూడు జాడీల ఆవకాయ పెట్టింది. ఒక జాడీ మామ ఇంటికి పంపాం. మరుసటి వారం మంద తోలుకుని పోతూ కంచె అవతల నిలబడి కేకేశాడు.

"ఊరగాయ బాగుందని మీ అమ్మకు చెప్పప్పా. ఎంతైనా నా గొర్లు అంటుకట్టిన శెట్లు కదా!"